క్యాన్సర్, వంశపారంపర్య జబ్బులు, జన్యు పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ఆస్పత్రుల్లో క్యాన్సర్ ఓపీ బయటో, పిల్లల వార్డు దగ్గరో ‘పరిశోధనకు కాస్త రక్తం ఇస్తారా’ అని అడిగితే జనం తిరిగి అడిగే ప్రశ్నలివి. కొన్ని సంతకానికి ముందు అడిగినవి. ఎక్కువ భాగం సంతకం పెట్టేశాక, మెట్ల దగ్గర ఆపి మెల్లగా అడిగినవి. జవాబులు సాధారణ సమాచారం మాత్రమే. మీ జబ్బు గురించి తేల్చాల్సింది మిమ్మల్ని చూస్తున్న డాక్టరే.

బయోమార్కర్ అంటే ఏంది సార్?

ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే, కొలవడానికి వీలైన గుర్తు. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ కూడా బయోమార్కరే. క్యాన్సర్‌లో ఆ గుర్తు రక్తంలోని ప్రొటీన్ కావచ్చు, గడ్డలోని జన్యువులో వచ్చిన మార్పు కావచ్చు, పుట్టుకతో అమ్మానాన్నల నుంచి వచ్చిన మార్పూ కావచ్చు.

ఒక గుర్తు ఎంత దూరం తీసుకెళ్తుందో సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ కథలో చూడొచ్చు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రోగుల తెల్లకణాల్లో ఒక క్రోమోజోమ్ మామూలు కన్నా పొట్టిగా ఉందని గమనించారు. ఎందుకు పొట్టిదైందో 1973లో అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు. 9, 22 నంబర్ల క్రోమోజోములు ఒకదాని ముక్క ఒకటి మార్చుకున్నాయి. ఆ అతుకు దగ్గర పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు కణాన్ని ఆగకుండా పెరగమని తరుముతూ ఉంటుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్ర 2001లో బజారులోకి వచ్చింది. ఇవాళ అదే గుర్తుతో జబ్బును ఖాయం చేస్తారు, అదే గుర్తుకు మాత్ర ఇస్తారు, మాత్ర పని చేస్తోందా లేదా అని మూడు నెలలకోసారి చూసేదీ ఆ గుర్తునే.

గుర్తు దొరికిన రోజు నుంచి మాత్ర చేతికొచ్చేదాకా 40 ఏళ్లు పట్టింది. ఈ పరిశోధనతో రేపో ఎల్లుండో మందు వచ్చేస్తుందని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

నా రక్తం తీసుకుంటే నాకు రిపోర్టు ఇస్తారా?

చాలావరకు ఇవ్వరు. ఎక్కువ అపార్థాలు వచ్చేది ఇక్కడే. డాక్టర్ మీకోసం రాసిచ్చే జన్యు పరీక్ష వేరు, పరిశోధన కోసం తీసుకునే శాంపిల్ వేరు. మొదటిదానికి మీ పేరు మీద రిపోర్టు వస్తుంది, దాన్ని బట్టి వైద్యం మారొచ్చు. రెండోదాంట్లో మీ రక్తం కొన్ని వందలమంది రక్తంతో కలిసి ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతుంది. ఆ జవాబు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి.

పరిశోధనలో అనుకోకుండా మీకు పనికొచ్చే తీవ్రమైన విషయం బయటపడితే ఏం చేస్తారన్నది ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి. చెబుతారా, చెప్పరా, చెబితే ఎవరి ద్వారా చెబుతారు? సంతకం పెట్టే ముందు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. చెప్పినా, పరిశోధన ల్యాబులో దొరికినదాన్ని మళ్లీ తాజా రక్తంతో వైద్య పరీక్షల ల్యాబులో నిర్ధారించాకే దాని మీద నిర్ణయం తీసుకోవాలి.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకూ వస్తుందా?

మొత్తం క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి వందలో 5 నుంచి 10 మాత్రమే. మిగతావి వయసు, పొగాకు, ఇన్‌ఫెక్షన్లు, హార్మోన్లు, ఇంకా అచ్చంగా దురదృష్టం వల్ల వచ్చేవి. కాబట్టి అమ్మకు 65 ఏళ్లప్పుడు వచ్చి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే మరీ టెన్షన్ పడాల్సిన పనిలేదు.

అనుమానించాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. 50 ఏళ్ల లోపే రావడం, రెండు రొమ్ములకూ రావడం, ఒకే వంశంలో రొమ్ము క్యాన్సర్‌తో పాటు అండాశయ క్యాన్సర్ కూడా ఉండటం, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ రావడం, రిపోర్టులో ‘ట్రిపుల్ నెగెటివ్’ (గడ్డ కణాల మీద చూసే మూడు గుర్తులూ లేని రకం) అని ఉండటం. ఇలాంటప్పుడు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు చూస్తారు. మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉందని అమెరికా శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపించింది, 1994లో జన్యువే దొరికింది. ఈ జన్యువుల పని, తెగిన డీఎన్‌ఏను రిపేరు చేయడం. అవి చెడితే రిపేరు ఆగి తప్పులు పోగుపడతాయి.

మార్పు ఉన్న తల్లి నుంచో తండ్రి నుంచో ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆ మార్పు ఉన్న ఆడవాళ్లలో జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారుగా వందలో 60కి పైనే. అండాశయ క్యాన్సర్‌కు బీఆర్‌సీఏ1లో 40 దాకా, బీఆర్‌సీఏ2లో 10 నుంచి 20 దాకా చెబుతారు. ఈ అంకెలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాల నుంచి వచ్చినవి.

తండ్రి వైపు కూడా చూడాలి. రొమ్ము క్యాన్సర్ అనగానే అందరూ అమ్మ వైపు లెక్క చెబుతారు, మేనత్తల సంగతి ఎత్తరు. జన్యువుకు ఆ తేడా లేదు.

వంశవృక్షం గీసేటప్పుడు చచ్చిపోయినవాళ్ల గురించి కూడా ఎందుకు అడుగుతారు?

ఎందుకంటే లక్షల రూపాయల మెషీన్ చెప్పలేనిది ఒక్కోసారి ఇంట్లో ముసలమ్మ చెబుతుంది. తాళ్లూ గీతలూ ఉన్న ఆ కాగితంలో మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, జబ్బు ఉంటే నలుపు నింపడం, పోయినవాళ్లకు అడ్డగీత, దగ్గరి చుట్టరికంలో పెళ్లికి రెండు గీతలు. మూడు తరాలు పూర్తయ్యేసరికి ఏ జన్యువును వెతకాలో సగం తెలిసిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. పలమనేరు వైపు నుంచి వచ్చిన కుటుంబం అనుకోండి. ‘మా ఇంట్లో ఎవరికీ ఈ మాయదారి జబ్బు లేదు నాయనా’ అంటుంది పెద్దామె, గట్టిగా. పెన్ను కిందపెట్టి కాసేపు ఆవుల సంగతీ, పాల రేటు సంగతీ మాట్లాడాక కోడలు అందుకుంటుంది: ‘అదేందత్తా, పెద్దత్తకు వేలూరులో రొమ్ము తీసేసినారు కదా.’ ‘అది గడ్డమ్మా, క్యాన్సర్ కాదు.’ మరి ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టించారా? ‘ఆ, ముప్పై దినాలు పెట్టినారు.’ కాగితం మీద ఒక సున్నా నల్లబడుతుంది. కడుపు ఉబ్బి పోయిన అవ్వ, ‘గర్భసంచిలో గడ్డ’ అని ఆపరేషన్ అయిన చిన్నమ్మ, ఆ తర్వాత ఒక్కొక్కరే బయటికొస్తారు.

పెద్దామె అబద్ధం చెప్పిందని ఎవరూ అనుకోరు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే ఆ భయం నిజమైనదే. అందుకే ఈ ప్రశ్నలు వరండాలో నలుగురి మధ్య అడగకూడదు. అలా అడుగుతుంటే ‘లోపల మాట్లాడదాం’ అనే హక్కు మీకుంది.

మేనరికం వల్లే ఇలాంటి జబ్బులు వస్తాయంటారు. నిజమేనా?

కొన్నింటికి నిజం, కొన్నింటికి కాదు. రెండూ కలిపేసి మాట్లాడటంతోనే గొడవ.

మనలో ప్రతి ఒక్కరిలోనూ చెడిపోయిన జన్యువులు కొన్ని ఉంటాయి. రెండో ప్రతి బాగుంటుంది కాబట్టి మనకేమీ కాదు. భార్యాభర్తలిద్దరిలోనూ చెడింది ఒకే జన్యువైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అత్త కొడుకూ మేనమామ కూతురూ సగటున ఎనిమిదో వంతు జన్యువులు పంచుకుంటారు. సొంత మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. అందుకే తలసేమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవని రక్త జబ్బు), పుట్టు చెవుడులో కొన్ని రకాలు, ఎంజైములు లోపించే కొన్ని జబ్బులు ఇలాంటి పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి.

అయితే ఎంత ఎక్కువ? మామూలు దంపతులకు కూడా వందలో 2 నుంచి 3 కాన్పుల్లో ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది. అత్త, మామ పిల్లల మధ్య పెళ్లయితే దానికి మరో రెండు మూడు కలుస్తాయి. మేనమామతో అయితే ఇంకాస్త పెరుగుతుంది. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, కానీ ప్రమాదం ఉత్తదేమీ కాదు. ఒక బిడ్డకు ఇలా రెండు ప్రతులూ చెడి వచ్చే జబ్బు తేలిన ఇంట్లో మాత్రం ఈ సగటు లెక్కలు పనికిరావు, అక్కడ నాలుగింట ఒకటే లెక్క.

ఇక బీఆర్‌సీఏ లాంటి క్యాన్సర్ జన్యువులకు ఒక్క ప్రతి చెడితే చాలు. దానికి మేనరికంతో పనిలేదు. ‘మేనమామను చేసుకున్నావు కాబట్టే నీకు క్యాన్సర్’ అని అత్తగారింట్లో అన్నారని ఏడ్చే ఆడవాళ్లున్నారు. ఆ మాటకు సైన్సులో ఆధారం లేదు.

మా కులంలోనే కొన్ని జబ్బులు ఎక్కువంటారు. పరిశోధకులు కులం ఎందుకు అడుగుతారు?

తక్కువ ఎక్కువలు చూడటానికి కాదు. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న ఏ సమూహంలోనైనా, పూర్వం కొద్దిమందిలో ఉన్న ఒక మార్పు ఇవాళ వేలమందిలో కనబడుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు ఎన్నో ఉన్నాయని చూపించింది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ వైశ్యుల్లో కనిపించే ఒక ఎంజైమ్ లోపం. ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు కండరాలు వదులు కావడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును ఆ ఎంజైమే విరగ్గొట్టాలి. అది తక్కువైతే కొన్ని నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు వాడతారు, కథ అంతటితో సరి. ఎంజైమ్ ఎంతుందో మామూలు రక్త పరీక్షలోనే తెలుస్తుంది. పనికొచ్చే బయోమార్కర్ అంటే ఇదీ.

ఇంకొకటి గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు. మన ఉపఖండంలో సుమారు వందలో నలుగురికి ఉందని 2009లో తేలింది. యూరప్ వాళ్ల డీఎన్‌ఏ ఎంత వెతికినా ఇది దొరికేది కాదు. మన రక్తం అడగడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తోచదు.

కొండ మీద తలనీలాలు ఇస్తాం కదా, ఆ వెంట్రుకల్లోంచి డీఎన్‌ఏ తీసుకోకూడదా?

నవ్వులాటకు అడిగినా మంచి ప్రశ్న. కత్తితో గీసిన వెంట్రుకకు కుదురు ఉండదు. పనికొచ్చే డీఎన్‌ఏ ఎక్కువగా ఆ కుదురు కణాల్లోనే ఉంటుంది. పైనున్న వెంట్రుకలో దొరికేది కొద్దిగా, అదీ ముక్కముక్కలుగా. కాబట్టి రక్తమో, ఉమ్మో, బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన కణాలో కావాలి.

రక్తం ఎంత తీస్తారు? ఎక్కడికి పోతుంది?

ఊదా రంగు మూత ఉన్న చిన్న ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్లు. అంటే ఒక టీ స్పూను. గడ్డకట్టకుండా అందులో ముందే మందు ఉంటుంది, అందుకే తీసిన వెంటనే ట్యూబును మెల్లగా అటూ ఇటూ వంచుతారు. మీ పేరు బదులు కోడ్ నంబర్ అంటిస్తారు. మెషీన్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుగుకు, పసుపు ద్రవం పైకి చేరి, మధ్యలో సన్నటి తెల్లని పొర నిలుస్తుంది. తెల్లకణాలు ఉండే ఆ పొరలోంచే డీఎన్‌ఏ తీస్తారు. ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి అవి ఈ పనికి రావు. తర్వాత మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు.

గడ్డలోని మార్పులు చూడాలంటే రక్తం చాలదు, బయాప్సీ ముక్క కావాలి. మైనంలో అమర్చిన ఆ ముక్కనే ‘బ్లాకు’ అంటారు, ఏళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. రక్తంలోనే గడ్డ నుంచి రాలిన డీఎన్‌ఏను పట్టుకునే లిక్విడ్ బయాప్సీ వచ్చింది కానీ, అన్ని రకాల క్యాన్సర్లకూ బయాప్సీ బదులు అది చాలదు.

రిపోర్టులో ‘వీయూఎస్’ అని రాశారు. అంటే జబ్బు ఉన్నట్టా, లేనట్టా?

ఏదీ కాదు. జన్యువులో మార్పు కనిపించింది, అది హాని చేసేదో కాదో ఇంకా తేలలేదు అని. పోలీసు రికార్డుల్లో లేని కొత్త మనిషిని చూసి దొంగనీ అనలేం, దొరనీ అనలేం. వీయూఎస్ వచ్చిందని రొమ్ములో అండాశయాలో తీయించుకోవడం తప్పు. రెండు మూడేళ్లకోసారి ల్యాబును అడిగి, దాని వర్గం మారిందేమో కనుక్కోవాలి. చాలావరకు చివరికి హాని లేనివిగానే తేలతాయి.

మనవాళ్లకు వీయూఎస్‌లు ఎక్కువ రావడానికి కారణం, పోల్చుకునే డేటాబేసులు ప్రధానంగా యూరప్ మూలాల వాళ్లవి కావడం. 10,000 మంది భారతీయుల పూర్తి జన్యుక్రమాన్ని చదివిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మన రకరకాల జనానికి ఇది మొదటి అడుగే.

‘క్యాన్సర్ మార్కర్ ప్యాకేజీ’ అని ల్యాబుల వాళ్లు మెసేజ్ పంపిస్తున్నారు. చేయించుకోమంటారా?

ఏ లక్షణమూ లేకపోతే వద్దు. ఆ ప్యాకేజీల్లో రక్తంలో చూసే సీఏ-125 అనే గుర్తు నెలసరిలోనూ, ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు), కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది. సీఈఏ అనే మరో గుర్తు పొగతాగేవాళ్లలో ఎక్కువగా ఉంటుంది. ప్రోస్టేట్ గ్రంథి వయసుతో ఉబ్బినా పీఎస్‌ఏ అనే గుర్తు పెరుగుతుంది. ఇవి జబ్బు ఖాయమయ్యాక వైద్యం ఎలా సాగుతోందో చూడటానికి మంచివి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను జల్లెడ పట్టడానికి కాదు. పీఎస్‌ఏ సంగతి మాత్రం వయసును బట్టి డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చు. అదే డబ్బుతో గర్భాశయ ముఖద్వారానికి హెచ్‌పీవీ అనే వైరస్ పరీక్ష, వయసును బట్టి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), పొగాకు నమిలేవాళ్లకు నోటి పరీక్ష చేయించుకుంటే ఎంతో మేలు.

పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష అవసరమా?

అవసరమే. పరిశోధన కోసం ఎదురుచూడాల్సిన పని లేని, చవకైన, గట్టి బయోమార్కర్ ఇక్కడ ఉంది. హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసేమియా క్యారియర్ (జబ్బు లేకున్నా చెడిన జన్యువు ఒక ప్రతి మోసేవాళ్లు) అని అర్థం. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ అంకె కిందికి దిగి మోసం చేయొచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే మూడు నెలలు ఆగాలి. ఒక్కరు క్యారియర్ అయితే భయం లేదు. ఇద్దరూ అయితేనే ఆలోచించాలి. అప్పుడు కూడా సంబంధం చెడగొట్టుకోనక్కర్లేదు, గర్భం వచ్చాక 11 వారాలప్పుడు మాయ ముక్కతో పరీక్ష చేసే వీలుంది. ఆ పరీక్షలో ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం, అడగొద్దు.

నాకు మార్పు ఉందని తేలింది. చిన్నపిల్లలకూ చేయించాలా?

పెద్దయ్యాక వచ్చే క్యాన్సర్ల జన్యువులకు వద్దు. 18 దాటాక వాళ్లే తేల్చుకుంటారు. కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా ఉన్న ఇళ్లలో మాత్రం పుట్టగానే ఆ జబ్బుకు కారణమైన ఆర్‌బీ1 జన్యువు పరీక్ష చేయాలి. ఎందుకంటే ముందే పట్టుకుంటే కన్నూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఫ్లాష్ ఫోటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే జన్యు పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆ వారమే కంటి డాక్టర్‌కు చూపించండి.

ఇవన్నీ తిరుపతిలోనే అవుతాయా?

వైద్యం వరకు చాలా దూరం వచ్చాం. 1993లో మొదలైన స్విమ్స్ ఆస్పత్రి, అలిపిరి దగ్గరి స్వీకార్ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి, సర్కారు పెద్దాసుపత్రిగా రుయా ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణం. రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫిలియా-ఏకు మన దేశంలో తొలి జన్యు చికిత్స ప్రయోగం జరిగింది అక్కడే. జన్యుక్రమం చదివే పెద్ద పనికి శాంపిల్ తరచూ వేరే ఊరి ల్యాబుకు వెళ్తుంది. మీరు వెళ్లనక్కర్లేదు, ట్యూబు వెళ్తే చాలు. ఎక్కడికి పంపుతున్నారో పత్రంలో చూసుకోండి.

సంతకం పెట్టాక మనసు మారితే?

ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, మీ వైద్యానికి ఏ లోటూ రాకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు ఈ మాటే చెబుతున్నాయి. అయితే అప్పటికే లెక్కల్లో కలిసి ప్రచురితమైన ఫలితాల్లోంచి మీ ఒక్కరి సమాచారాన్ని వెనక్కి లాగడం కుదరదు.

పత్రం మీకొచ్చిన భాషలో ఉండాలి. కుప్పం, నగరి వైపు తమిళం మాట్లాడే ఇళ్లున్నాయి, ఉర్దూ ఇళ్లున్నాయి, అందరికీ తెలుగు పత్రమే చేతిలో పెడితే సరిపోదు. చదవడం రానివాళ్లకు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. పత్రం నకలు ఒకటి మీకివ్వాలి. పరిశోధన పరీక్షకు మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడే ఆగి, పరిశోధన సరిగ్గా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ అడగండి. ఆ నంబర్ పత్రంలోనే ఉండాలి.

శాంపిల్ ఇచ్చే రోజు ఏం తెచ్చుకోవాలి? పరగడుపున రావాలా?

డీఎన్‌ఏకు పరగడుపుతో పనిలేదు, టిఫిన్ తినే రండి. కీమో జరుగుతుంటే, ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే ముందే చెప్పండి. బోన్ మ్యారో మార్పిడి అయినవాళ్లు ఆ మాట మరీ తప్పకుండా చెప్పాలి, వాళ్ల రక్తంలో ఉండేది దాత డీఎన్‌ఏ కాబట్టి వేరే శాంపిల్ తీస్తారు. పాత బయాప్సీ రిపోర్టు ఎంత నలిగిపోయినా పారేయొద్దు, దాని మీదుండే నంబర్‌తోనే బ్లాకు దొరుకుతుంది. వీలైతే ఇంట్లో పెద్దదిక్కు ఎవరినైనా వెంట తీసుకురండి. రాలేకపోతే బస్సెక్కే ముందు ఒక చీటీ మీద ఎవరికి, ఏ వయసులో, ఏ ఆపరేషన్ అయిందో అడిగి రాసుకుని వస్తే చాలు.